పాత వెబ్‌సైట్లను వెతకడం, దాచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకసారి ఇంటర్నెట్‌లో పెడితే ఇక శాశ్వతమే అనుకుంటాం. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో తేల్చిన లెక్క వేరేగా ఉంది: 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి తెరుచుకోవడం లేదు. తెలుగు పేజీలకు దీనికి తోడు ఫాంట్ల గొడవ కూడా ఉంది. పాత తెలుగు పేజీల కోసం వెతికేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి.

సైటే మూతపడిపోయింది. అందులోని పేజీలు ఇంకా ఎక్కడైనా దొరుకుతాయా?

చాలాసార్లు దొరుకుతాయి. ముందు చూడాల్సిన చోటు వేబ్యాక్ మెషీన్. చిరునామా వెబ్ డాట్ ఆర్కైవ్ డాట్ ఆర్గ్. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా కూడా అక్కర్లేదు. పాత సైట్ చిరునామాను పెట్టెలో ఇస్తే, దాన్ని ఏయే రోజుల్లో కాపీ తీశారో చూపిస్తుంది. ఆ సైట్ ఇప్పుడు బతికి ఉందా లేదా అన్నదానితో పనిలేదు.

వేబ్యాక్ మెషీన్, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఒకటేనా?

ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ పేరు. వేబ్యాక్ మెషీన్ అది నడిపే సేవల్లో ఒకటి. బ్రూస్టర్ కేల్ 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ సంస్థను లాభాపేక్ష లేకుండా మొదలుపెట్టాడు. వెబ్ పేజీల సేకరణ ఆ ఏడాదే మొదలైనా, జనం చూసుకోవడానికి తలుపులు తెరిచింది మాత్రం 2001 అక్టోబరులో. 2025 అక్టోబరుకు లక్ష కోట్ల పేజీలు దాచామని ప్రకటించారు. ఆఫీసు ఒకప్పటి చర్చి భవనంలో ఉంది, ముందు తెల్లటి స్తంభాలతో.

అదే సంస్థ పుస్తకాలు, ఆడియో, సినిమాలు, సాఫ్ట్‌వేర్ కూడా దాస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైట్ ఆగిపోయాక పాత తెలుగు పుస్తకాల స్కాన్లు చాలామందికి దొరికింది ఇక్కడే. ఆ సైట్ నడుస్తున్న రోజుల్లోనే కొందరు ఓపిగ్గా వాటిని దించుకుని ఇక్కడికి ఎక్కించారు. పుస్తకాలను అరువివ్వడం మీద ప్రచురణకర్తలు వేసిన కేసులో 2024లో సంస్థ ఓడిపోయింది, కానీ అది పుస్తకాల సంగతి. వేబ్యాక్ మెషీన్‌కు దానితో సంబంధం లేదు.

గూగుల్‌లో "క్యాష్‌డ్" అని ఒక లింకు ఉండేది కదా?

2024 మొదట్లో తీసేశారు. ఉన్న రోజుల్లో కూడా అది కొద్ది రోజుల కిందటి కాపీనే, పాతవి దాచే ఉద్దేశం గూగుల్‌కు లేదు. దాని బదులు అదే ఏడాది సెప్టెంబరు నుంచి, ఫలితం పక్కనుండే మూడు చుక్కలు నొక్కితే వేబ్యాక్ మెషీన్‌కు దారి చూపిస్తోంది.

కాలెండర్ వచ్చింది. రంగురంగుల చుక్కలేమిటి?

పైన సంవత్సరాల వరస, దాని మీద నల్లటి గీతలు. గీత ఎంత ఎత్తుంటే అప్పుడు అన్ని కాపీలు తీసినట్టు. సంవత్సరం నొక్కితే కింద పన్నెండు నెలలు వస్తాయి. నీలం చుక్క ఉన్న రోజు పేజీ సవ్యంగా దొరికింది. ఆకుపచ్చ అయితే ఆ రోజు ఆ చిరునామా ఇంకో చోటికి మళ్లించింది. నారింజ అంటే పేజీ లేదని సర్వర్ చెప్పింది, ఎరుపంటే సర్వరే పడిపోయి ఉంది. చుక్క పెద్దదైతే ఆ రోజు కాపీలు ఎక్కువ.

చాలామంది చివరి చుక్క నొక్కి, "డొమైన్ అమ్మకానికి ఉంది" అన్న బోర్డు చూసి నిరాశపడి వెళ్లిపోతారు. సైట్ చచ్చిపోయాక కూడా కాపీలు తీస్తూనే ఉంటారు మరి. గడువు తీరిన డొమైన్‌ను జూదం సైట్ల వాళ్లు కొనేయడం కూడా మామూలే. పద్య సాహిత్యం ఉండాల్సిన చోట పేకాట ప్రకటనలు కనబడితే కంగారు పడకుండా వెనక్కి వెళ్లండి. సైట్ బాగా నడిచిన ఏళ్లలో మధ్యనున్న నీలం చుక్క పట్టుకోండి.

కాపీ తెరిచాక అడ్రస్ బార్‌లో 14 అంకెల సంఖ్య కనిపిస్తుంది: సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. అది గ్రీనిచ్ సమయం. 20081002200000 అని ఉంటే మన లెక్కలో అక్టోబరు 3 తెల్లవారుజాము ఒంటిగంటన్నర. తేదీ మీద తగాదా ఉన్న విషయాల్లో ఈ ఐదున్నర గంటలు మర్చిపోకూడదు.

అసలు చిరునామానే గుర్తులేదు. విషయం ఇచ్చి వెతకొచ్చా?

గూగుల్‌లోలాగా పేజీలోని మాటలతో వెతకడం కుదరదు. పెట్టెలో మాటలిస్తే ఆ మాటలకు సంబంధించిన సైట్ల ముఖపుటలను మాత్రం చూపిస్తుంది, అదీ తెలుగుకు అంతంతమాత్రం. చిరునామా సంపాదించుకోవడమే అసలు పని. దానికి పనికొచ్చే దారులు:

తెలుగు వికీపీడియాలో ఆ విషయం మీదున్న వ్యాసం తెరిచి కింద మూలాలు, బయటి లింకులు చూడండి. చచ్చిపోయిన లింకులు కూడా అక్కడ మిగిలి ఉంటాయి. కొన్నింటికి ఇంటర్నెట్ ఆర్కైవ్ బాట్ అనే ప్రోగ్రాము అప్పటికే పాత కాపీ తగిలించి పెట్టి ఉంటుంది. అదే కాలానికి చెందిన ఇంకో సైట్ మీకు గుర్తుంటే, వేబ్యాక్‌లో దాన్ని తెరిచి "లింకులు" పేజీ చూడండి. 2000 ప్రాంతంలో ప్రతి సైట్‌కూ అలాంటి పేజీ ఒకటి ఉండేది. నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే దారి ఇదే.

డొమైన్ తెలిసి లోపలి పేజీ తెలియకపోతే, డొమైన్ ఇచ్చి కాలెండర్ పైనున్న "యూఆర్‌ఎల్స్" ట్యాబ్ నొక్కండి. ఆ డొమైన్ కింద దాచిన చిరునామాలు పట్టికగా వస్తాయి. పక్కనున్న ఫిల్టర్ పెట్టెలో పీడీఎఫ్ అని కొడితే పీడీఎఫ్‌లు మాత్రమే మిగులుతాయి. పాత పత్రికల సంచికలు ఇలా కట్టగా దొరికేస్తాయి.

మా పాత బ్లాగు బ్లాగ్‌స్పాట్‌లో ఉండేది. వేబ్యాక్‌లో మధ్యలో కొన్నేళ్లు ఖాళీగా ఉందేం?

డాట్ కామ్‌తో పాటు డాట్ ఇన్ చిరునామా కూడా ఇచ్చి చూడండి. 2012 నుంచి కొన్నేళ్లు బ్లాగర్ మనదేశంలో చదివేవాళ్లను బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్‌కు మళ్లించేది. అప్పట్లో అందరూ అదే లింకును పంచుకున్నారు. వేబ్యాక్‌కు అవి రెండూ వేర్వేరు సైట్లు. తర్వాత 2020లో ఆ డాట్ ఇన్ డొమైన్ గూగుల్ చేతుల్లోంచే జారిపోయింది. మీ బ్లాగు బతికే ఉన్నా ఆ పాత లింకులు నొక్కితే రాకపోవడానికి కారణం ఇదే. లింకులో "ఇన్" తీసి "కామ్" పెడితే చాలాసార్లు పేజీ తెరుచుకుంటుంది.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉందా లేదా, ముందు హెచ్‌టీటీపీయా హెచ్‌టీటీపీఎస్సా అన్నవి వేబ్యాక్ పట్టించుకోదు. వాటితో సమయం వృథా చేసుకోవద్దు.

2000 నాటి తెలుగు పేజీ దొరికింది. కానీ తెలుగు బదులు పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఫైలు పాడైందా?

పాడవలేదు. మీరు చూస్తున్నది తెలుగే, దాన్ని గీసే ఫాంటు మీ దగ్గర లేదు, అంతే.

ప్రపంచ భాషల ఒక్కో అక్షరానికి ఒక్కో స్థిరమైన సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. కానీ సామాన్యుడి కంప్యూటర్లో అది కనిపించడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దాంతో పాటు గౌతమి ఫాంటు రావాల్సి వచ్చింది. వచ్చాక కూడా రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న చోట టిక్కు పెడితే, అది సీడీ పెట్టమని అడిగేది. ఆ సీడీ ఎవరి దగ్గరుండేది గనక! అందుకే దినపత్రికల సైట్లు చాలాకాలం సొంత ఫాంట్ల మీదే నడిచాయి. ఈనాడుది ఒక ఫాంటు, వార్తది ఇంకొకటి. తిక్కన, హేమలత లాంటి ఫాంట్లతో పెట్టిన పేజీలు వేరే.

ఈ ఫాంట్ల పని తీరు ఏమిటంటే, ఇంగ్లిషు అక్షరాలు, పైన చిన్న గుర్తులుండే ఐరోపా అక్షరాలు (é లాంటివి) కూర్చోవాల్సిన గదుల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టుకు ఒక గది, గుడికి ఒకటి, కొమ్ముకు ఒకటి, ఒక్కో వత్తుకు ఒక్కోటి. "స్త్రీ" అని రాయాలంటే "సీ" ఆకారం, తవత్తు, క్రారవడి విడివిడిగా పెట్టాలి. క్రారవడి అక్షరాన్ని ఎడమవైపు నుంచి చుట్టుకుంటుంది కాబట్టి, కొన్ని ఫాంట్లలో దాన్ని అక్షరం కంటే ముందే పెట్టేవాళ్లు. అంటే ఫైల్లో ఉన్నది ఉచ్చారణ క్రమం కాదు, కంటికి కనిపించే క్రమం. పైగా ఒక ఫాంటు గదులకు, ఇంకో ఫాంటు గదులకు పొంతన ఉండదు. ఈనాడు పేజీని వార్త ఫాంటుతో తెరిస్తే వచ్చేది ఇంకో రకం గందరగోళం.

చదివేవాళ్లు ఫాంటు దించుకునే పని లేకుండా ఉండాలని అప్పట్లో డైనమిక్ ఫాంట్లు వచ్చాయి. నెట్‌స్కేప్‌కు ఒక రకం ఫైలు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఇంకో రకం. ఇవి ఇప్పటి బ్రౌజర్లలో దేనిలోనూ పనిచేయవు. ఎక్స్‌ప్లోరర్‌కు చేసిన ఫాంటు ఫైళ్లకు ఇంకో చిక్కుంది: ఫలానా సైట్ మీద ఉంటేనే తెరుచుకునేలా తాళం వేసి తయారుచేసేవాళ్లు. కాబట్టి ఆర్కైవ్‌లో ఆ ఫాంటు ఫైలు భద్రంగా ఉన్నా, పాత ఎక్స్‌ప్లోరర్ సంపాదించి తెరిచినా, చిరునామా మారింది గనక అది ఒప్పుకోదు.

మరి ఆ పేజీని చదవడం ఎలా?

ముందు ఏ ఫాంటో కనుక్కోండి. పేజీ మీద రైట్ క్లిక్ చేసి సోర్సు చూస్తే "ఫాంట్ ఫేస్" అన్న మాట పక్కన పేరుంటుంది. వేబ్యాక్ తన పట్టీని, కొన్ని స్క్రిప్టులను పేజీలో కలుపుతుంది. అవేమీ లేని అసలు ఫైలు కావాలంటే అడ్రస్ బార్‌లో ఆ 14 అంకెల వెంటనే, ఖాళీ వదలకుండా, ఇంగ్లిషులో ఐ, డీ, ఒక అండర్‌స్కోరు చేర్చి ఎంటర్ నొక్కండి. సర్వర్ ఆ రోజు ఇచ్చింది ఇచ్చినట్టు వస్తుంది.

తర్వాత రెండు దారులు. ఆ ఫాంటు టీటీఎఫ్ ఫైలుగా దొరికితే కంప్యూటర్లో వేసుకోవడం ఒకటి. పేజీ కనిపిస్తుంది గానీ, కాపీ చేసి ఇంకెక్కడ పెట్టినా మళ్లీ పిచ్చి అక్షరాలే. రెండోది యూనికోడ్‌లోకి మార్చడం. ఫైర్‌ఫాక్స్‌కు "పద్మ" అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది, ఇలాంటి పేజీలను తెరవగానే యూనికోడ్ చేసి చూపించేది. పాత తెలుగు పేజీలకు దాన్ని మించింది రాలేదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లను ఆపేయడంతో ఆ పద్మ పనిచేయడం మానేసింది. అది ఓపెన్ సోర్సు కాబట్టి ఏ గదిలో ఏ ముక్క ఉందో చెప్పే దాని పట్టికలను ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు వాడుకోవచ్చు. మార్చాక వత్తులు, ముఖ్యంగా క్రారవడి, ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

మార్చిన పాఠాన్ని మూల పేజీ లింకుతో సహా దాచండి. మీరు సరిచేసింది ఏమిటో, అసలులో ఉన్నది ఏమిటో రేపు ఎవరికైనా తేడా తెలియాలి.

2004 కాపీ తెరిస్తే 2006 నాటి ప్రకటన కనిపిస్తోంది. ఇదెలా?

వేబ్యాక్‌లో పేజీ అంటే ఒకేసారి తీసిన ఫొటో కాదు. పాఠం ఒక రోజు, బొమ్మలు ఇంకో రోజు, రంగులూ అమరికా చెప్పే ఫైలు మరో రోజు తీసి ఉండొచ్చు. తెరిచినప్పుడు దగ్గరి తేదీల్లో దొరికినవి ఏరి కూరుస్తుంది. పై పట్టీలో "అబౌట్ దిస్ క్యాప్చర్" నొక్కితే ఒక్కో ముక్క ఎప్పటిదో వివరంగా కనిపిస్తుంది. పాత పేజీ ఆధారంగా వ్యాసం రాసేవాళ్లు, వాదన చేసేవాళ్లు దీన్ని చూడకుండా ఒక్క అడుగు వేయకూడదు.

బొమ్మలు అసలే లేకపోతే, అప్పుడు తీయలేదని అర్థం. లాగిన్ వెనక ఉన్నవి, పెట్టెలో ఏదో నింపి బటన్ నొక్కితే వచ్చేవి కూడా ఉండవు. ఫ్లాష్‌తో చేసిన మెనూలు మాత్రం దొరికినా తెరుచుకోకపోవచ్చు, ఆ సాఫ్ట్‌వేర్‌ను 2020 చివర్లో ఆపేశారు. ఫ్లాష్ బదులు పనిచేసే రఫుల్ అనే ఎమ్యులేటర్‌తో కొన్ని ఆడతాయి.

జియోసిటీస్, యాహూ గ్రూపులు, ఆర్కుట్‌లోవి దొరుకుతాయా?

జనం ఉచితంగా సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ అయితే ఆశ ఉంది. 2009 అక్టోబరులో యాహూ దాన్ని మూసేస్తున్నప్పుడు ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం రాత్రింబవళ్లు కాపీలు తీసింది, ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా తీసింది.

యాహూ గ్రూపుల సంగతి బాధాకరం. తెలుగు సాహిత్య చర్చలు ఏళ్ల తరబడి జరిగిన రచ్చబండ లాంటి గుంపులు అక్కడే ఉండేవి. 2019 అక్టోబరులో కొత్తవి పెట్టడం ఆపేసి, తర్వాత కొద్ది నెలల్లోనే పాతవి తుడిచేశారు. 2020 డిసెంబరులో మొత్తం మూసేశారు. సభ్యులకే కనిపించే గుంపులు క్రాలర్‌కు, అంటే తనంతట తానే వెబ్ అంతా తిరుగుతూ కాపీలు తీసే ప్రోగ్రాముకు, అందవు. అవి మిగిలి ఉంటే సభ్యుల మెయిల్ పెట్టెల్లోనే. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది, అక్కడి స్క్రాపుల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

అంతకు ముందరి చర్చా గుంపుల వ్యవస్థ యూజ్‌నెట్ మాత్రం వింతగా బతికింది. విదేశాల్లోని తెలుగువాళ్లు 90లలో ఇంగ్లిషు లిపిలో ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగు రాసుకున్న సోక్ కల్చర్ ఇండియన్ తెలుగు గుంపు పాత టపాలను గూగుల్ గ్రూప్స్‌లో వెతకొచ్చు. కొత్తవి చేర్చడం 2024 ఫిబ్రవరితో ఆపినా పాతవి ఉంచారు. మామూలు ఇంగ్లిషు అక్షరాలే కాబట్టి ఫాంటు గొడవ లేదు. ఖరీదైన ఫాంట్లతో పెట్టిన పేజీల కంటే ఈ సాదా పాఠమే హాయిగా చదువుకోగలుగుతున్నాం!

ప్రభుత్వ సైట్ల పాత పేజీలు?

ముఖపుటలు, జిల్లా సమాచారం, పీడీఎఫ్‌లు చాలావరకు దొరుకుతాయి. 2014 జూన్‌కు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సైట్లు, 2016కు ముందు పది జిల్లాల తెలంగాణ, 2022 ఏప్రిల్‌కు ముందు పదమూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్ వివరాలు కావాలంటే ఇదొక మంచి దారి. జిల్లా సైట్ల పాత చిరునామాలు నిక్ డాట్ ఇన్‌తో ముగిసేవి, కొత్త చిరునామా ఇస్తే పాతవి రావు. శాఖ, తేదీ ఎంచుకుని బటన్ నొక్కితే వచ్చే జీవోల్లాంటివి మాత్రం క్రాలర్‌కు చిక్కవు. అందుకే కావలసిన జీవో కనబడిన రోజే దించి పెట్టుకోవడం మేలు.

ఇప్పుడున్న పేజీని నేనే దాచొచ్చా?

దాచొచ్చు. వేబ్యాక్ మొదటి పేజీలో "సేవ్ పేజ్ నౌ" పెట్టె ఉంది. చిరునామా ఇచ్చి నొక్కితే కాసేపట్లో కాపీ లింకు చేతికొస్తుంది. ఉచిత ఖాతాతో లాగిన్ అయితే ఆ పేజీలోని లింకులను కూడా దాచమనొచ్చు, స్క్రీన్‌షాట్ తీయమనొచ్చు. పత్రిక సంచికకు విషయసూచిక పేజీ ఇచ్చి లింకులు కూడా దాచమంటే సంచిక మొత్తం వెళ్లిపోతుంది. అయ్యాక లింకు తెరిచి, అక్షరాలు నిజంగా వచ్చాయో లేదో చూసుకోండి. కొన్నిసార్లు "మీరు రోబో కాదని నిరూపించండి" అన్న పేజీ భద్రంగా దాచి ఉంటుంది.

తెలుగు శీర్షిక ఉన్న చిరునామాను కాపీ చేస్తే శాతం గుర్తులతో చాంతాడంత వస్తుంది. ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు. చూసి బెదిరిపోయి మధ్యలో కత్తిరించొద్దు, మొత్తం ఇవ్వాలి.

నా కంప్యూటర్లోనే కాపీ ఉంచుకోవాలంటే?

ఒక్క పేజీకి సింగిల్‌ఫైల్ ఎక్స్‌టెన్షన్ చాలు, బొమ్మలతో సహా ఒకే ఫైలుగా ఇస్తుంది. మొత్తం సైట్‌కు హెచ్‌టీట్రాక్ అనే ప్రోగ్రాము. లాగిన్ కావాల్సినవి, స్క్రోలు చేస్తే వచ్చేవి దాచాలంటే వెబ్‌రికార్డర్ వాళ్ల ఆర్కైవ్‌వెబ్ డాట్ పేజ్ ఎక్స్‌టెన్షన్ వాడండి. మీరు చూస్తూ పోయిందంతా అది దాస్తుంది. పీడీఎఫ్‌గా ప్రింట్ చేసుకోవడం ఆఖరి దారి, లింకులూ అమరికా చెదిరిపోతాయి.

కోర్టులో చెల్లుతుందా?

స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకెళ్తే సరిపోదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 65బి, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63. ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా రుసుము తీసుకుని తన కాపీలకు అఫిడవిట్ ఇస్తుంది. మిగతాది వకీలుతో మాట్లాడండి.

చిన్నప్పుడు రాసిన పేజీ ఆర్కైవ్‌లో ఉండిపోయింది. తీయించొచ్చా?

సైట్ మీదేనని చూపిస్తూ ఆర్కైవ్‌కు మెయిల్ రాస్తే పరిశీలిస్తారు. అదే మర్యాద అవతలివాళ్లకూ వర్తిస్తుంది. రచయిత ఇష్టపడి తీసేసిన టపాను తవ్వి తీసి ఊరంతా తిప్పడం నాకు నచ్చదు.

మనదేశంలో ఆర్కైవ్‌ను ఆపేశారని విన్నాను?

2017 ఆగస్టులో కొద్ది రోజులు ఆగింది. సినిమా పైరసీ మీద మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో రెండున్నర వేలకు పైగా సైట్లను ఆపినప్పుడు ఆ జాబితాలో ఇదీ పడింది. తర్వాత తెరిచారు.

ఆ ఆర్కైవే పోతే?

2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి 3 కోట్ల 10 లక్షల ఖాతాల వివరాలు బయటపడ్డాయి, కొన్ని రోజులు సైట్ మూతపడింది. దాచిన పేజీలకు ఏమీ కాలేదు గానీ, ఒక్క చోటునే నమ్ముకోకూడదని తెలిసొచ్చింది. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల జాతీయ గ్రంథాలయాలు తమ దేశపు వెబ్‌ను దాస్తాయి, ఆస్ట్రేలియా 1996 నుంచే. ఆర్కైవ్ డాట్ టుడే అని ఇంకోటుంది, వేబ్యాక్‌కు లొంగని పేజీలను కూడా తీస్తుంది. నడిపేదెవరో బయటికి చెప్పరు కాబట్టి దాన్ని రెండో కాపీకే వాడతాను. ముఖ్యమైనదైతే ఇంట్లో ఒక హార్డ్ డిస్కు కూడా ఉండాలి.

ఇంకో చిక్కు కూడా మొదలైంది. కృత్రిమ మేధ కంపెనీలు ఆర్కైవ్ ద్వారా తమ పాఠం లాగేసుకుంటాయన్న భయంతో కొన్ని సైట్లు వేబ్యాక్‌కే తలుపులు మూస్తున్నాయి. 2025 ఆగస్టులో రెడ్డిట్ అలాగే చేసింది.

అన్నీ చూశాను, ఎక్కడా లేదు. ఇంకేమైనా దారి ఉందా?

రాసినవాళ్లను అడగండి. పాత రచయితల దగ్గర ఆర్‌టీఎస్ ఫైళ్లు, పత్రికకు పంపిన మెయిళ్లు, ప్రింటు తీసుకున్న కాగితాలు ఇంకా ఉంటాయి. దొరికాక ఒక సంగతి గుర్తుంచుకోండి: సేవ్ పేజ్ నౌ ఇప్పుడు ఆన్‌లైన్‌లో తెరుచుకునే పేజీనే తీసుకుంటుంది, మీ కంప్యూటర్లోని ఫైలును తీసుకోదు. రచయిత అనుమతి తీసుకుని, ఆ ఫైలును ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఖాతా తెరిచి "అప్‌లోడ్" ద్వారా ఎక్కించండి. శీర్షిక తెలుగులోనూ ఇంగ్లిషు లిపిలోనూ రాయండి. మొదట ఏ సైట్లో, ఏ ఏడాది వచ్చిందో, అప్పటి చిరునామా ఏమిటో వివరణలో చేర్చండి. భాష అన్న చోట తెలుగు ఎంచుకోవడం చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే భాషను బట్టి వెతికేవాళ్లకు ఆ ఫైలు కనిపించదు.